సగం షట్టరు

బూడిద రాసినా కొర్రమీను చేతిలో నిలవడం లేదు. బకెట్‌లోంచి తీసి పంపు దగ్గరి బండ మీద పెట్టిన ప్రతిసారీ ఒళ్ళంతా ఒకే కండరమైనట్టు మెలిదిరిగి జారిపోతోంది, దాని వెనక నేను, కుచ్చెళ్ళు తడిసి, మోచేతుల దాకా బూడిదతో, మెట్టు మీద కూర్చున్న మా అత్తగారు వెంకటనరసమ్మకి ఇదంతా వేడుకగా ఉంది, కొల్లేటి లంకలో పుట్టిన మనిషి, "కైకలూరు పిల్లవంట, చేప నిన్ను చూసి భయపడాలి గానీ నువ్వు చేపని చూసి భయపడతావేంటే" అంటోంది. బాత్‌రూంలో మా ఆయన నీళ్ళు పోసుకుంటున్నారు, చెంబు బకెట్‌కి తగులుతున్న చప్పుడు. గోడ గడియారం పన్నెండు కొట్టింది. ఒంటిగంటకి ఫోను వస్తుంది. మున్సిపల్ ఆఫీసు నుంచి మేడం చేస్తారు, కరోనా కాబట్టి విచారణకి ఎవర్నీ పిలవడం లేదు, ఫోనులోనే అడిగి చెప్పింది చెప్పినట్టు టైపు చేసుకుంటారు. టైలర్ ఖాదర్ గారిని షాపు తెరవమని నేను చెప్పానా, చెప్పలేదా. అదొక్కటే ప్రశ్న. చెప్పానంటే ఆయన మీద పెట్టిన లాక్‌డౌన్ కేసు నిలవదు, ప్రభుత్వం ఇచ్చే సాయం జాబితాలో ఆయన పేరు ఉంటుంది, ఆయన్ని కొట్టినవాడి మీదికి కాగితం నడుస్తుంది. కొట్టినవాడు మా ఆయన. అందుకే ఇవాళ స్టేషన్ డ్యూటీకి రెండు గంటలకి వెళ్తానని చెప్పి ఇంట్లో ఉన్నారు, ఆ ఫోను తన ముందే రావాలి, స్పీకర్‌లో మాట్లాడాలి.

పొత్రం ఎత్తి చేప తల మీద కొట్టాను. మెత్తగా పడింది, అది నోరు తెరిచింది అంతే. మళ్ళీ కొట్టాను. కైకలూరులో మా ఇంటికెదురుగా ఐసు ఫ్యాక్టరీ ఉండేది, చేపల లారీలు బయల్దేరే ముందు దిమ్మల్ని చెక్క సుత్తులతో పగలగొట్టేవాళ్ళు, ఆ చప్పుడు మధ్య మా నాన్న మా అమ్మని కొట్టే చప్పుడు కలిసిపోయేది, చిన్నప్పుడు నేను రెండూ ఐసేననుకునేదాన్ని. మొన్నటి దాకా చప్పుళ్ళలో తేడా నాకు తెలియదు. ఇప్పుడు తెలుసు. లాఠీ కండ మీద పడితే తడిబట్టని బండకేసి బాదినట్టుంటుంది. వేళ్ళ మీద పడితే అంత చప్పుడు కాదు, ఎండుపుల్ల విరిచినట్టు చిన్నగా వినిపిస్తుంది, అంత చిన్న చప్పుడుకి అంత మనిషి మిషను కింద ముడుచుకుపోతాడంటే నమ్మలేం, నేనూ నమ్మలేదు, పడిపోయిన దారపు కండె ఏదో తీసుకోవడానికి వంగాడనుకున్నాను, ఒక క్షణం, నిజంగానే.

ఆ వేళ్ళు లేకపోతే మా వార్డులో మాస్కులే లేవు. మార్చిలో అన్నీ మూసేసినప్పుడు మున్సిపాలిటీ వాళ్ళు మాస్కులు కుట్టే పని మా మహిళా సంఘాలకి ఇచ్చారు, మనిషికి మూడేసి పంచాలని, నేను ఆ సంఘాలకి ఆర్‌పీని, అంటే మీటింగులకీ సర్వేలకీ పైనుంచి ఏ పని వచ్చినా పరిగెత్తే మనిషిని, బట్ట తాన్లు తాన్లుగా మా వసారాలో దింపి వెళ్ళారు, మిషన్లున్న ఆడవాళ్ళు ఇరవై మంది ఉన్నారు గానీ కత్తిరించడం ఎవరికొచ్చు, ఒకామె కత్తిరించిన ముక్క ముక్కుకి చాలలేదు, ఇంకొకామెది చంటిపిల్లకి ఉయ్యాల కట్టుకోవచ్చు. ఖాదర్ గారు వచ్చారు. షాపు మూసేశారు, చేతులు ఊరుకోవడం లేదండీ, అన్నారు. యాభై పొరలు ఒకదాని మీద ఒకటి పరిచి, సుద్దముక్కతో గీత గీసి, ఆ పెద్ద కత్తెర పెట్టి ఒక్క ఊపున కోసుకుంటూ పోయేవారు, కత్తెర నములుతున్నట్టుండేది, పొరల్లో ఒక్క దారం పోగు కూడా పక్కకి జరిగేది కాదు. పది రోజులు కోశారు. కూలి రాయించుకోండి అంటే, ఊరందరి ముక్కులూ నా చేతి మీదుగా వెళ్తున్నాయి మేడంగారండీ, ఇంకేం కావాలి, అని నవ్వారు. మా ఆయన ఆ రోజు పెట్టుకున్నదీ ఆ నీలం మాస్కే. కొట్టేటప్పుడు జారితే ఎడం చేత్తో పైకి లాక్కున్నారు, ముక్కు మీదికి, జాగ్రత్తగా, మళ్ళీ కొట్టారు.

"తల చితక్కొట్టమాకే, తలకాయలోనే ఉంటది రుచంతా" అంటోంది అత్తగారు. చచ్చిందో లేదో తెలియదు, మొప్పలు ఇంకా కదులుతున్నాయి. బండ గరుకు మీద పట్టి రుద్దుతున్నాను, పొలుసు లేచి ముంజేతులకి అంటుకుంటోంది.

సగం చాలండీ అన్నాను నేను. ఆ మాట నాకు బాగా గుర్తు. సగం షట్టరు ఎత్తండి, మిషను ముందు కూర్చోండి, నేను వచ్చి ఫోటో తీసుకుని పోతాను, రెండు నిమిషాల పని. పైనుంచి ఒకటే ఒత్తిడి, టైలర్లకీ, మంగలి షాపులకీ, ఇస్త్రీ బళ్ళ వాళ్ళకీ సాయం ఇస్తున్నారు, శుక్రవారం లోపు సర్వే అయిపోవాలి, మనిషీ మిషనూ బోర్డూ మూడూ ఒకే ఫోటోలో ఉండాలి, అదీ అక్కడికక్కడే తీసింది, పాత ఫోటో పెడితే యాప్ తీసుకోదు. షాపులేమో తెరవకూడదు. వీధికి రెండు వైపులా వెదురు బొంగులు కట్టి రెడ్‌జోన్ అని బ్యానరు కట్టారు. మూసిన షాపు ఫోటో పెడితే నడవని షాపు అని కొట్టేస్తున్నారు మేడం, తెరిస్తే పోలీసులు ఊరుకోరు, ఏం చెయ్యమంటారు అని మీటింగులో అడిగితే, మీ తిప్పలు మీరు పడండి, అందరూ పడట్లేదా, అన్నారు. అందరూ పడ్డారు. మంగలి వాళ్ళు ఇంటి గోడకి అద్దం తగిలించి అదే షాపన్నారు. ఇస్త్రీ వాళ్ళకి బండి ఉంది, ఎక్కడైనా నిలబెట్టొచ్చు. ఖాదర్ గారికి మాత్రం షాపంటే షాపే. ముప్ఫై ఏళ్ళుగా దాన్ని తెరిచే పద్ధతి ఒకటుంది, రెండు నెలల తరవాత మొదటిసారి తెరుస్తూ సగం తెరిచి దొంగలా కూర్చోవడం ఆయనకి చేతకాలేదు. షట్టరు మొత్తం ఎత్తారట. ఊడ్చారట. వాకిట్లో నీళ్ళు చల్లి, బోర్డు తుడిచి, అగరుబత్తి వెలిగించి, మిషనుకి నూనె వేసి, టేపు మెడలో వేసుకుని కూర్చున్నారట, ఫోటో గవర్నమెంటుకి పోతుంది కదా, పని చేసే మనిషిలా కనిపించాలి కదా అని. అగరుబత్తి వాసనకి పక్కింటామె వచ్చింది, జాకెట్టు వదులు చేయాలని, ఆమె వెనక ఇంకొకామె, ఖాదర్ షాపు తీశాడట అని వీధంతా చెప్పుకున్నారు. పది నిమిషాల్లో పది మంది.

నేనేమో బొంగుల దగ్గర ఆగిపోయాను. అటు పోవడానికి వీల్లేదమ్మా, చుట్టూ తిరిగి రండి అన్నారు, కాలువ గట్టు మీదుగా తిరిగి వచ్చేసరికి ఇరవై నిమిషాలు. సందు మలుపులోనే ఫోను తీసి యాప్ తెరిచాను, దానికి లొకేషన్ దొరకాలంటే కాసేపు పడుతుంది, చక్రం తిరుగుతూ ఉంటుంది, ఆ చక్రాన్నే చూసుకుంటూ నడిచాను, తల ఎత్తేసరికి ఎస్సైగారి జీపు, పరిగెత్తుతున్న ఆడవాళ్ళు, షాపులో మా ఆయన వీపు. లాఠీ లేచింది. ఫోనులో చక్రం ఆగి పచ్చగా మారింది. పచ్చగా మారితే నొక్కాలి, రెండు వారాలుగా రోజుకి నలభై సార్లు నొక్కిన వేలు, నొక్కేసింది. బోర్డు, మిషను, మనిషి. అంచున ఖాకీ చొక్కా చెయ్యి. అప్పుడు ఖాదర్ గారు నన్ను చూశారు. ఆ మొహంలో ఎంత నిశ్చింత వచ్చిందో, అమ్మయ్య వచ్చారు అన్నట్టు, దెబ్బలు పడుతుండగానే చేయెత్తి నావైపు చూపించి, "ఆ మేడంగారే తియ్యమన్నారండీ, అడగండి, ఆవిణ్ణే అడగండి" అన్నారు. మా ఆయన చెయ్యి గాల్లోనే ఆగింది. ఎస్సైగారు నావైపు తిరిగారు. "ఏమ్మా, నువ్వు చెప్పావా?"

"లేదండి."

అంతే, దాని ముందు ఆలోచన లేదు, దాని వెనక ఆలోచన లేదు. ఎస్సైగారు నవ్వారు. ఆడమనిషి మీదికి నెడతావురా అన్నారు. తరవాత రెండు దెబ్బలు. మొదటి వాటికి వీపూ భుజమూ కందాయి, పదిరోజులుంటే తగ్గేవి. ఆ రెండూ మిషను బల్లని పట్టుకున్న కుడిచేతి మీద పడ్డాయి. అవి నా దెబ్బలు. కర్ర మా ఆయనది, మాట నాది.

పద్నాలుగేళ్ళుగా ఈ ఇంట్లో ఏ ప్రశ్నకైనా నా నోట వచ్చే మొదటి మాట అదే. మీ అన్నయ్యకి ఫోను చేశావా, లేదండి. ఆ పాలవాడితో ఏంటి అంత మాటలు, లేదండి. అమ్మాయికి నువ్వే నేర్పుతున్నావు కదా ఎదురు చెప్పడం, లేదండి. అవునన్నా కాదన్నా చెయ్యి లేచేదే, కానీ లేదండి అంటే ఒకటి తక్కువ పడుతుందని నా ఒంటికి లెక్క తెలుసు. మా గీతాంజలి తాడేపల్లిగూడెంలో మా అక్క ఇంట్లో చిక్కుకుపోయింది లాక్‌డౌన్‌కి, బస్సుల్లేవు, తల్లికి బెంగ ఉండాలి, నాకు హాయిగా ఉంది, అక్కడ ఎవరూ దాన్ని ప్రశ్నలు అడగరు.

మొదట్లో ఇలా ఉండేవారు కాదు అని నేను చెబితే ఎవరూ నమ్మరు, ప్రతి ఆడదీ చెప్పే మాటే. కానీ అది మొదలైన రోజు నాకు తెలుసు. కొల్లేరులో గవర్నమెంటు వాళ్ళు చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది. వాళ్ళ లంకలోనూ కొట్టడానికి వచ్చారు, పెద్ద మిషన్లతో, మందుగుండుతో, మా ఆయనకి అక్కడే బందోబస్తు డ్యూటీ వేశారు, సొంత ఊరి గట్టు మీద, సొంత వాళ్ళకి ఎదురుగా లాఠీ పట్టుకుని. గట్టు లేచి గాల్లోకి మట్టి, దాంతోపాటు చేపలు, బొచ్చెలూ శీలావతులూ ఆకాశంలోంచి బురదలో పడి కొట్టుకుంటుంటే జనం కర్రలతో, చేతులతో, రాళ్ళతో కొట్టి ఏరుకున్నారని, ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలియలేదని అత్తగారు చెబుతుంది. తమ చెరువు వంతు వచ్చేసరికి ఆవిడ గట్టు మీద పడుకుందట. ఆవిణ్ణి రెక్క పట్టి ఈడ్చింది కొడుకే. పై అధికారి చూస్తున్నాడని. ఆవిడ ఆ మొహం మీద ఉమ్మేసింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, అన్నం ఎందుకు చల్లారిపోయిందని అడిగారు నన్ను. చల్లారలేదండి, అన్నాను. అదే మొదటిసారి. దవడ పన్ను ఊడింది. నోట్లో రక్తం వస్తుంటే ఆయన మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చారు, చెరువు పోయిందే అని. నేనే ఓదార్చాను. ఆ ఓదార్పే తప్పేమో అని ఇప్పుడు, ఈ చేప పొట్ట చీలుస్తూ అనుకుంటున్నాను, పేగులు వెచ్చగా వేళ్ళకి చుట్టుకుంటున్నాయి.

మొన్న మంగళవారం సఫియా వచ్చింది, ఖాదర్ గారి భార్య. గేటు లోపలికి రాలేదు. చేతికి రాడ్డు వేశారట, మూడు వేళ్ళు వంగవన్నారట. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండును. "ఆయన మీ పేరు తప్పుగా చెప్పలేదండి. మీరే మర్చిపోయుంటారు, రోజుకెంత మందితో మాట్లాడతారు, గుర్తు చేసుకోమని చెప్పమన్నారు" అంది. మర్చిపోయుంటానని. నాకు ఆ దారి కూడా వాళ్ళే చూపించారు. నేను తల ఊపాను, అవుననో కాదనో నాకే తెలియదు, ఆమె దణ్ణం పెట్టి వెళ్ళింది. ఆ మర్నాడే మున్సిపాలిటీలో కంప్లైంటు పెట్టింది. తమాషా ఏమిటంటే ఆ ఫోటోని యాప్ ఒప్పుకుంది. బోర్డుంది, మిషనుంది, మనిషున్నాడు, అర్హుడు అని పచ్చ టిక్కు పడింది. వెయ్యి ఫోటోల్లో ఎవరూ అంచులోని చెయ్యి చూడలేదు, కంప్లైంటు వచ్చేదాకా.

ముక్కలు కోసి ఉప్పూ పసుపూ పట్టించి లోపలికి తెచ్చాను. మా ఆయన తల తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడి మళ్ళీ అప్పజెప్పించుకున్నారు, బడిపిల్ల చేత పద్యం చెప్పించినట్టు. ఫోటో ఎందుకు తీశావు. రూలు తప్పి షాపు తెరిచాడని, సాక్ష్యం కోసం తీశానండి. తెరవమని చెప్పావా. లేదండి. "అంతే. ఆ ఒక్క ముక్క చాలు. మిగతాది ఎస్సైగారు చూసుకుంటారు" అన్నారు, మెత్తగా, భుజం మీద చెయ్యి వేసి. ఒకే ఫోటో. ఆకలికి సాక్ష్యమని తీసింది నేరానికి సాక్ష్యం అవుతుంది, నేను ఏది అంటే అది. అత్తగారు గుమ్మం బయట నుంచి, "వాడి ఉద్యోగం పోతే ఈ ఇంటద్దె ఎవరు కడతారే, ఆ సాయిబు కడతాడా? చెప్పిన మాట చెప్పి ఊరుకో" అంది. నూనెలో ఉల్లిముద్ద వేగుతోంది. నిజమే. మూడు వేళ్ళు వంగని మనిషికి కేసు కూడా పెడితే మాత్రం ఏం పోతుంది, ఎలాగూ కుట్టలేడు, అని ఒక ఆలోచన వచ్చింది, నాకే వచ్చింది, నా బుర్రలోనే, చింతపండు పిసుకుతుండగా. పిప్పి తీసి అవతల పడేశాను. లాఠీ ఎత్తేటప్పుడు మా ఆయనకి లోపల ఉండేది ఇదేనా. పెద్ద కోపమేమీ కాదేమో. ఎలాగూ అనే మాటేనేమో.

పులుసు దించాను. పీట వేశాను. ఆయన కూర్చున్నారు, నేను వడ్డించాను, తలకాయ ఆయనకే వేశాను, ఫోను కంచం పక్కన నేల మీద పెట్టించుకున్నారు. రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా మోగింది. ఎడం చేత్తో స్పీకరు నొక్కి నావైపు తోశారు. నేను నేల మీద కూర్చున్నాను.

మేడం గొంతు అలసటగా ఉంది, పొద్దుట్నుంచి ఇలాంటివే చేస్తున్నట్టున్నారు. "రామలక్ష్మి గారూ, ఫోటో నా ముందుందండి. మీ లాగిన్‌లో ఉంది, టైము పదకొండు నలభై. ఇది ఎందుకు తీశారో చెప్పండి, రాసుకుంటున్నాను."

మా ఆయన పెదాలు కదిలాయి, శబ్దం లేకుండా. రూలు తప్పి. ముల్లు తీసి కంచం అంచున పెట్టారు. నా నోట్లో ఆ మాట సిద్ధంగా ఉంది, నాలుక చివర, పద్నాలుగేళ్ళుగా దాని చోటు అదే. ఊపిరి తీసుకుంటే వాసన, పులుసుది, బూడిదది, ఆయన సబ్బుది. వేళ్ళు విరిగిన చప్పుడు ఎంత చిన్నదో మళ్ళీ గుర్తొచ్చింది, ఫోనులోంచైతే అసలు వినిపించేది కాదు.

"సాయం కోసం తీశానండి. షట్టరు తియ్యమని చెప్పింది నేనే. అక్కడ ఎస్సైగారు అడిగితే లేదని అబద్ధం ఆడాను. నేను అబద్ధం ఆడాకే ఆయన వేళ్ళు విరిగాయండి."

కీబోర్డు చప్పుడు వినిపించింది, ఆగింది. "కొట్టింది ఎవరో చూశారా అండీ?"

"చూశానండి. హెడ్ కానిస్టేబుల్ మాణిక్యం. మా ఆయన."

కంచం ముందు వచ్చింది. అంచు కనుబొమ్మ మీద తగిలింది, పులుసు కళ్ళలో పడి కారం మండింది, ఆ మంటలో చెయ్యి ఎటునుంచి వచ్చిందో కనపడలేదు, చెవి మీద పడింది, గోడ తలకి తగిలింది, జుట్టు పట్టుకుని లేపుతున్నారు, ఆయన చెయ్యి పులుసుతో జిడ్డుగా ఉంది, జారింది, మళ్ళీ పట్టుకున్నారు. ఫోను దొర్లుకుంటూ పోయి గుమ్మం దగ్గర ఆగినట్టుంది, దూరంగా హలో హలో అంటోంది. "అమ్మా, అది కట్టెయ్" అన్నారు మా ఆయన, ఊపిరి ఎగపోస్తూ. అత్తగారు వంగింది. వంగినప్పుడు ఆవిడ మోకాళ్ళు పటుక్కుమన్నాయి. ఫోను తీసింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇయ్యి కట్టడం నాకు రాదురా" అంది. కొడుక్కి ఇవ్వలేదు. నాలుగు అడుగులు వేసి వచ్చి, నా నోటి దగ్గర పట్టుకుంది.

"రామలక్ష్మి గారూ, హలో, ఏంటండీ ఆ చప్పుడు? లైన్‌లో ఉన్నారా?"

కనుబొమ్మ నుంచి కారుతున్నది పెదాల మీదికి వచ్చింది. తుడుచుకోలేదు.

"ఉన్నానండి. ఇప్పుడు నన్ను కొట్టారు. ఇది కూడా రాసుకోండి."